సొంత ఇల్లే, మరి పైకప్పు ఎవరిది? కాండొమినియం చట్టం ఏ రకం ఆస్తికి ఎలా వర్తిస్తుంది

మీ ప్రశ్నను ఇతర పాఠకుల కోసం ముందు నాలుగు మాటల్లో చెబుతాను. కాండొమినియం అంటే యూనిట్ విడిగా ఒకరిది, మిగతాది అందరికీ ఉమ్మడి అయ్యే ఆస్తి ఏర్పాటు. ఒకే ఆవరణలో ఒక నిర్మాణ సంస్థ పద్నాలుగు అంతస్తుల టవరు, దాని కింద దుకాణాలు, పక్కన గోడకు గోడ ఆనుకున్న వరుస ఇళ్లు, వెనుక ఖాళీ ప్లాట్లు అమ్ముతోంది. మీరు కొనాలనుకుంటున్నది వరుస ఇళ్లలో ఒకటి. అమ్మే వ్యక్తి "కాండొమినియం చట్టం టవరుకే వర్తిస్తుందండీ, మీది పూర్తిగా సొంత ఇల్లు, సంఘంతో పని రోడ్డు వరకే" అన్నాడు. కానీ మీ చేతికిచ్చిన ముసాయిదా దస్తావేజులో మొత్తం భూమిలో ఇంత శాతం అవిభాజ్య వాటా అని ఉంది. యూనిట్ అంటే "లోపలి గోడల ప్లాస్టరింగ్ ముఖం నుంచి పై శ్లాబు అడుగు ముఖం వరకు" అని కూడా ఉంది. ఏది నమ్మాలి అని మీ సందేహం.

దస్తావేజునే నమ్మండి. మీరు రాసిన ఆ ఒక్క వాక్యం ప్రకారం మీరు కొనబోతున్నది ఇల్లు కాదు, ఇంటి లోపలి ఖాళీ. గోడలు, శ్లాబు, పైకప్పు, ముందున్న పూలమొక్కల చోటు, వెనుక పెరడు అన్నీ ఉమ్మడివే. పెరడును మీరొక్కరే వాడుకునే హక్కు ఇచ్చి ఉండవచ్చు, కానీ యాజమాన్యం వేరు, వాడుక వేరు. అమ్మే వ్యక్తి అబద్ధం చెప్పాడని అనను. చాలామంది అమ్మకం ప్రతినిధులు ఆ కాగితం చదివి ఉండరు.

ఏ దేశంలో కొంటున్నారో మీరు రాయలేదు. అందుకని ఎక్కడైనా పనికొచ్చే విధంగా చెబుతాను. సెక్షన్ల నంబర్లు అక్కడి న్యాయవాది చెప్పాలి. పాతికేళ్లుగా ఇలాంటి దస్తావేజులు చదవడం, రాయడం నా వృత్తి. మొదట్లో నేను కూడా భవనం ఆకారం చూసి చట్టాన్ని ఊహించేవాణ్ణి. ఎత్తుగా ఉంటే కాండొమినియం, విడిగా ఉంటే సొంత ఇల్లు అనుకునేవాణ్ణి. ఆ అలవాటు మానడానికి నాకు రెండు మూడేళ్లు పట్టింది. చట్టం చూసేది రిజిస్టరైన ప్లానులో గీసిన గీతను.

అసలు ఈ చట్టం ఎందుకు పుట్టిందో తెలిస్తే మిగతాదంతా తేలిక. నేల ఎవరిదో నేల మీద కట్టినదంతా వారిదే అన్నది రోమన్ల నాటి సూత్రం. ఆ సూత్రంలో నాలుగో అంతస్తును విడిగా అమ్మడానికి చోటు లేదు. 1900లో అమల్లోకి వచ్చిన జర్మనీ పౌర స్మృతి ఈ సూత్రాన్ని పట్టుబట్టి పాటించి, అంతస్తుల వారీ యాజమాన్యానికి తలుపులు మూసేసింది. యుద్ధంలో ఇళ్లు నేలమట్టమై, మళ్లీ కట్టడానికి డబ్బు సమకూర్చుకోవలసి వచ్చినప్పుడు 1951లో ప్రత్యేక చట్టం తెచ్చి ఆ తలుపులు తెరిచింది. ఫ్రాన్సులో 1804 నాటి స్మృతిలోనే వేర్వేరు అంతస్తులు వేర్వేరు యజమానులవైతే మెట్లు, పైకప్పు మరమ్మతుల ఖర్చు ఎలా పంచుకోవాలో చెప్పే ఒక అధికరణ ఉండేది. నేటి పూర్తి చట్టం 1965 జులై 10 నాటిది. అమెరికా సంగతికొస్తే, ప్యూర్టో రికో 1958లో చట్టం చేసింది, 1961లో కేంద్రం ఇలాంటి యూనిట్లపై ఇచ్చే రుణాలకు బీమా కల్పించడానికి ఒప్పుకుంది, ఆ తర్వాత కొన్నేళ్లలోనే రాష్ట్రాలన్నీ వరుసగా అదే బాట పట్టాయి. బ్యాంకు తాకట్టు పెట్టుకోగలిగే ఆస్తిగా ఫ్లాటును మార్చడమే అసలు ఉద్దేశమని ఈ చరిత్ర చూస్తే తెలుస్తుంది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ కూడా 1961లోనే 'స్ట్రాటా' పేరుతో తన పద్ధతి తెచ్చింది. తరువాత సింగపూర్, మలేసియా, కెనడాలోని బ్రిటిష్ కొలంబియా ఆ పేరునే వాడుకున్నాయి.

పేర్లు ఎన్ని ఉన్నా లోపలున్నవి మూడే. ఒకటి, మీకు మాత్రమే చెందిన యూనిట్. రెండు, ఉమ్మడి భాగాల్లో మీ వాటా. మూడు, మీకు ఇష్టమున్నా లేకున్నా సంఘంలో సభ్యత్వం. నేను వీటిని మూడు ముళ్లు అంటాను. యూనిట్ అమ్మి వాటా అట్టే పెట్టుకుంటానంటే కుదరదు. సంఘం నుంచి రాజీనామా చేస్తాను, నెలనెలా రుసుము కట్టను అన్నా కుదరదు. ఈ మూడూ కలిసి ఉన్నచోట కాండొమినియం చట్టం వర్తిస్తుంది. ఏ ఒక్కటి లేకపోయినా సాధారణంగా వేరే చట్టం కోసం వెతకాలి, ఒక మినహాయింపు వరుస ఇళ్ల దగ్గర చెబుతాను.

ఇక టవరు. ఇది అందరూ ఊహించుకునే రకం కాబట్టి తేలికనుకుంటారు, నిజానికి గొడవలు ఎక్కువ వచ్చేది ఇక్కడే. యూనిట్ హద్దు ఎక్కడ అన్నది ఒక్కోచోట ఒక్కో రకం. కొన్ని దస్తావేజుల్లో గోడ మీద రంగు వరకే మీది, కొన్నింటిలో ప్లాస్టరింగ్ వరకు, కొన్నింటిలో గోడ మందం మధ్య వరకు. జర్మనీ చట్టంలోనైతే భవనం నిలబడటానికి, భద్రతకు అవసరమైన భాగాలు ఏ గదిలో ఉన్నా ఉమ్మడివే. దస్తావేజులో ఏం రాసుకున్నా అది మారదు. కిటికీలు కూడా అంతే. మీ పడకగది కిటికీ మీది కాదు అంటే నవ్వే వాళ్లను చూశాను, అద్దాలు మార్చడానికి అనుమతి అడగవలసి వచ్చినప్పుడు వాళ్లే నోరెళ్లబెట్టారు.

ఒక సర్వసభ్య సమావేశంలో జరిగింది చెబుతాను. మూడో అంతస్తు ఆవిడ వంటగది పైకప్పు ఉబ్బి, పసుపు రంగు మరక పళ్లెమంత అయింది. ఆవిడ ఫోనులో తారీఖుల వారీగా ఫొటోలు పెట్టుకొని వచ్చారు. పై అంతస్తు ఆయన "గొట్టం శ్లాబులో ఉంది, శ్లాబు ఉమ్మడిది, కాబట్టి సంఘమే బాగు చేయాలి" అన్నారు. సంఘం కార్యదర్శి "నీళ్లు మీ స్నానాల గదివి, ఖర్చు మీదే" అన్నారు. గంటన్నర గడిచాక ఎవరో డిక్లరేషన్, అంటే కాండొమినియాన్ని ఏర్పాటు చేసిన మూల దస్తావేజు, తెప్పించారు. అందులో ఒక్క యూనిట్‌కే పనికొచ్చే గొట్టం ఎక్కడున్నా ఆ యూనిట్‌దేనని, ఒకటికి మించిన యూనిట్లకు పనికొచ్చేది ఉమ్మడిదని స్పష్టంగా ఉంది. హమ్మయ్య అనుకున్నాం. మర్నాడు ప్లంబరు టైలు పగలగొట్టి చూస్తే కారుతున్నది ఆయన గొట్టం పెద్ద గొట్టంతో కలిసే టీ జాయింటు దగ్గర. జాయింటు ఎవరిదో దస్తావేజులో లేదు. చివరికి ఖర్చు చెరి సగం పెట్టుకున్నారు. అప్పటి నుంచి నేను రాసే ప్రతి దస్తావేజులో జాయింటు గురించి ఒక వాక్యం ఉంటుంది.

యూనిట్‌కూ ఉమ్మడి భాగానికీ మధ్య మరో వర్గం ఉంది. బాల్కనీ, కారు నిలిపే చోటు, మీ పెరడు లాంటివి. యాజమాన్యం అందరిదీ, వాడుక ఒక్కరిది. వీటిని విడిగా అమ్మవచ్చా అన్న ప్రశ్నకు ఒక్కో దేశం ఒక్కోలా జవాబు చెబుతుంది. 2010లో భారత సుప్రీంకోర్టు, మహారాష్ట్రకు చెందిన నహల్‌చంద్ లాలూచంద్ కేసులో, స్తంభాల మధ్య ఉండే స్టిల్ట్ పార్కింగ్ ఉమ్మడి భాగమేనని, దాన్ని బిల్డరు విడిగా అమ్ముకోవడానికి వీల్లేదని తీర్పు ఇచ్చింది. జర్మనీ మాత్రం 2020 డిసెంబరు నుంచి ఆరుబయట పార్కింగ్ చోటును కూడా విడి యాజమాన్యంగా నమోదు చేసుకునే వీలు కల్పించింది. 'పార్కింగ్ మీదే' అన్న మాట విన్నప్పుడు యూనిట్ హద్దుల్లో ఉందా, ప్రత్యేక వాడుక హక్కా, లేక సంఘం ఇచ్చిన నోటిమాట మాత్రమేనా అని అడగాలి. మూడోదైతే రేపు కమిటీ మారితే మాట కూడా మారవచ్చు.

ఇప్పుడు మీ వరుస ఇళ్లు. ఇక్కడ కాస్త ఆగి వివరంగా చెప్పాలి. ఎందుకంటే బయటి నుంచి చూస్తే ఒకేలా కనిపించే రెండు వరుసలు చట్టంలో రెండు వేర్వేరు ఆస్తులు కావచ్చు.

మొదటి పద్ధతిలో మీ ఇల్లు టవరులోని ఫ్లాటు లాంటిదే, నిలువుగా కాక అడ్డంగా పేర్చారు, అంతే. యూనిట్ అంటే గోడల లోపలి ఖాళీ. పైకప్పు పెంకులు పగిలితే సంఘం మారుస్తుంది, ఆ ఖర్చు వరుసలో అందరికీ పడుతుంది. భవనం మొత్తానికి బీమా సంఘమే చేయిస్తుంది, మీరు లోపలి సామానుకు, మీరు చేయించుకున్న మార్పులకు చేయించుకుంటారు. ముందు తలుపుకు వేరే రంగు వేయాలన్నా అనుమతి కావాలి.

రెండో పద్ధతిలో ఇల్లు, అది నిలిచిన నేల, పైకప్పు అన్నీ మీవే. ఉమ్మడిగా ఉండేది రోడ్డు, కాలువ, వీధి దీపాలు, పిల్లల ఆట స్థలం. కెనడాలోని ఒంటారియో చట్టం దీనికి ఒక చక్కటి ఏర్పాటు చేసింది. 1998లో చేసి 2001లో అమల్లోకి తెచ్చిన ఆ చట్టంలో 'ఉమ్మడి భాగాల కాండొమినియం' అనే రకం ఉంది. అందులో అసలు యూనిట్లే ఉండవు. ఉన్నదంతా ఉమ్మడి రోడ్డు, కాలువ లాంటివే. వాటిలో వాటా చుట్టుపక్కల ఉన్న సొంత ఇళ్ల నేలకు కట్టివేసి ఉంటుంది. ఇల్లు అమ్మితే వాటా దాని వెంటే పోతుంది. మీ అమ్మకం ప్రతినిధి నోట వచ్చింది ఈ రెండో పద్ధతి. మీ చేతిలో ఉన్న కాగితం మొదటి పద్ధతిది.

రోడ్డు కోసం ఇంత హంగామా ఎందుకు, ఇరుగుపొరుగు ఒక ఒప్పందం రాసుకుంటే చాలదా అని మీరు అడగవచ్చు. ఇంగ్లండు అనుభవం చూడండి. అక్కడి న్యాయసూత్రం ప్రకారం 'ఫలానా పని చేయకూడదు' అన్న ఒప్పందం తరువాతి యజమానినీ కట్టిపడేయగలదు, 'ఫలానా ఖర్చు పెట్టాలి' అన్న ఒప్పందం మాత్రం రాసుకున్న మనిషితోనే ఆగిపోతుంది. 1885లో ఓల్డామ్ పట్టణంలో ఒక రోడ్డు మరమ్మతు వివాదంలో తేలింది ఇదే. నూరేళ్ల తరువాత మరో కేసు వచ్చింది. ఒక పెద్ద ఇంటిని రెండు చేశారు. చిన్న ఇంటి పడకగది మీదున్న పైకప్పు పెద్ద ఇంటి వారిది. దాన్ని గాలి, వాన దూరకుండా ఉంచుతామని 1960లో పెద్ద ఇంటి యజమాని రాసిచ్చాడు. ఇళ్లు చేతులు మారాయి. కప్పు కారింది. రోన్ వర్సెస్ స్టీవెన్స్ పేరుతో విషయం అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన ప్రభువుల సభ దాకా వెళ్లింది, 1994లో ఆ సభ కొత్త యజమానికి బాధ్యత లేదని తేల్చింది. కారుతున్న గది ఒకరిది, కప్పు మరొకరిది, బాధ్యత ఎవరిదీ కాదు.

అందుకే ఇంగ్లండులో ఫ్లాట్లను దీర్ఘకాల లీజు మీద అమ్మే పద్ధతి పాతుకుపోయింది, ఎందుకంటే లీజులో ఖర్చు పెట్టాలన్న షరతు చేతులు మారినా నిలుస్తుంది. దీన్ని సరిచేయడానికి 'కామన్‌హోల్డ్' అనే కాండొమినియం పద్ధతిని 2002లో చట్టం చేసి 2004లో అమల్లోకి తెచ్చారు. రెండు దశాబ్దాలు గడిచినా దాని కింద వచ్చిన ప్రాజెక్టులు వేళ్ల మీద లెక్కించదగ్గవే. చట్టం ఉన్నా బిల్డర్లకు, బ్యాంకులకు లాభం కనిపించకపోతే అది పుస్తకంలోనే ఉండిపోతుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఖాళీ ప్లాట్ల సంగతి దీనికి దగ్గరగా ఉంటుంది. నేల ముక్కనే యూనిట్‌గా చూపే పద్ధతి చాలా చోట్ల ఉంది. ఒంటారియోలో దాన్ని ఖాళీ నేల కాండొమినియం అంటారు, బ్రిటిష్ కొలంబియాలో 'బేర్ ల్యాండ్ స్ట్రాటా'. ప్లానులో గోడలకు బదులు సర్వే రాళ్లు హద్దులవుతాయి. మీరు దాని మీద కట్టుకునే ఇల్లు మొత్తం యూనిట్‌లో భాగం. బీమా, మరమ్మతు మీ నెత్తినే. నెలసరి రుసుము తక్కువగా ఉండటానికి కారణం కూడా అదే, సంఘం చేసే పని తక్కువ. ఈ తేడా తెలియక, వరుస ఇంటి రుసుముతో ప్లాటు రుసుమును పోల్చి "అక్కడ దోచుకుంటున్నారు" అని కోపగించుకునేవారు ప్రతి ఏడూ ఇద్దరు ముగ్గురైనా నా దగ్గరికి వస్తారు.

ప్లాట్లకే మరో దారి ఉంది, అది కాండొమినియమే కాదు. ప్లాటు పూర్తిగా మీది, రోడ్లు, పార్కు సంఘం పేరు మీద రిజిస్టరవుతాయి. మీకు ఉమ్మడి స్థలంలో వాటా ఉండదు, ఆ స్థలం ఉన్న సంఘంలో సభ్యత్వం మాత్రం ఉంటుంది. అమెరికాలో ఇళ్ల యజమానుల సంఘాల కింద ఉండే కాలనీలు చాలావరకు ఈ రకమే. రోజువారీ బతుకులో తేడా తెలియదు. సంఘం అప్పుల్లో కూరుకుపోయినా, పార్కు నేల అమ్మాలన్న ప్రతిపాదన వచ్చినా తేడా కళ్లకు కడుతుంది. వాటా మీదైతే మీ సంతకం లేకుండా కదలడం కష్టం, సంఘానిదైతే బైలాల్లో రాసిన ఓట్లు చాలు. అమెరికాలో 1982లో తయారైన ఒక నమూనా చట్టం కాండొమినియం, ప్రణాళికాబద్ధ కాలనీ, సహకార గృహాలు మూడింటినీ ఒకే గొడుగు కిందికి తేవాలని చూసింది. కొన్ని రాష్ట్రాలు తీసుకున్నాయి, ఎక్కువ రాష్ట్రాలు వేటి చట్టం వాటికే ఉంచుకున్నాయి.

సహకార గృహాల మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పి ముందుకు వెళతాను. న్యూయార్క్ నగరంలో ఇవి ఎక్కువ. భవనం మొత్తం ఒక సంస్థది. మీరు కొనేది ఆ సంస్థలో వాటాలు, వాటితోపాటు ఒక ఫ్లాటులో ఉండే లీజు. భవనం మీద సంస్థ తీసుకున్న అప్పు ఉంటే అది అందరి మెడకూ ఉంటుంది. కొనేవారిని బోర్డు కారణం చెప్పకుండానే తిరస్కరించవచ్చు, చట్టం నిషేధించిన వివక్ష మాత్రం చూపకూడదు. మూడు ముళ్లలో మొదటిది, విడి యూనిట్ యాజమాన్యం, ఇక్కడ లేదు. బయటి నుంచి చూస్తే అచ్చం కాండొమినియమే.

మీ ఆవరణలో టవరు కింద దుకాణాలున్నాయన్నారు. మిశ్రమ వాడుక భవనాల్లో కొట్లాట అంతా ఖర్చుల పంపకం మీదే. దుకాణం వాళ్లు "మేం లిఫ్టు ఎక్కం, ఎందుకు కట్టాలి" అంటారు. ఇళ్ల వాళ్లు "మీ గిరాకీలు మా ఆవరణలో బండ్లు పెడుతున్నారు" అంటారు. ఫ్రాన్సు చట్టం దీనికి నచ్చే పరిష్కారం చూపింది. భవనం పరిరక్షణ ఖర్చులు వాటాల ప్రకారం అందరికీ పడతాయి, లిఫ్టులాంటి సౌకర్యాల ఖర్చు మాత్రం ఆ యూనిట్‌కు అది ఎంతవరకు ఉపయోగపడగలదో చూసి వేస్తారు. నేల అంతస్తు దుకాణానికి పైకి వెళ్లే లిఫ్టు పనికిరాదు, కాబట్టి ఖర్చు పడదు. మూడో అంతస్తు ఆయన "నేను మెట్లే ఎక్కుతాను" అంటే మాత్రం చెల్లదు, ఎందుకంటే చూసేది లిఫ్టు ఆ ఇంటికి పనికొస్తుందా అన్నదే, ఆయన ఎక్కుతున్నారా లేదా అన్నది కాదు. అదే చట్టంలో ఇంకో తెలివైన ఏర్పాటు ఉంది. ఒకే యజమానికి సగానికి మించి వాటాలుంటే, ఆయన ఓట్లను మిగతా వారందరి ఓట్ల మొత్తానికి కుదిస్తారు. బిల్డరు అమ్ముడుపోని యూనిట్లను పట్టుకొని సంఘాన్ని ఆడించడం చూసినవారికి దీని విలువ తెలుస్తుంది.

కొందరు బిల్డర్లు దుకాణాలను కాండొమినియంలో కలపకుండా విడి ఆస్తిగా కోసి ఉంచుకుంటారు. అప్పుడు పునాది, డ్రైనేజీ, అగ్నిమాపక గొట్టాల ఖర్చు పంచుకోవడానికి రెండు ఆస్తుల మధ్య విడిగా ఒప్పందం ఉండాలి. ఆ ఒప్పందం చూడకుండా టవరులో ఫ్లాటు కొనవద్దు. మీరు వరుస ఇంటివారైనా సరే, పంపు గది, జనరేటరు టవరు అడుగునే ఉంటే ఈ మాట మీకూ వర్తిస్తుంది.

దశలవారీ నిర్మాణం గురించి కూడా రెండు మాటలు. మీ వాటా నేడు ఎంత శాతం అన్నది ఒక ఫొటో లాంటిది. రెండో దశలో మరో టవరు చేరితే శాతం తగ్గుతుంది, ఓటు బరువు తగ్గుతుంది, ఈత కొలను చుట్టూ జనం పెరుగుతారు. ఎన్ని యూనిట్ల వరకు చేర్చవచ్చో మొదటి దస్తావేజులోనే పరిమితి రాసి ఉండాలి. భారతదేశంలో 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం, ఆమోదించిన ప్లాన్లలో చిన్నపాటి సర్దుబాట్లకు మించి మార్పు చేయాలంటే కొనుగోలుదారుల్లో కనీసం మూడింట రెండు వంతుల మంది రాతపూర్వక సమ్మతి కావాలంటుంది, ఉమ్మడి భాగాలను సంఘం పేరు మీదికి మార్చమని కూడా బిల్డరును ఆదేశిస్తుంది. పరిమితి రాయని దస్తావేజు మీద సంతకం పెట్టడమంటే ఖాళీ చెక్కు ఇచ్చినట్లే.

ఇంతవరకు చెప్పినవన్నీ ఎవరు ఎంత కట్టాలనే తగవులు. ఒక భవనం విషయంలో ఇది ప్రాణాల మీదికి వచ్చింది. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం సర్ఫ్‌సైడ్‌లో 1981లో కట్టిన పన్నెండు అంతస్తుల కాండొమినియం భవనంలో ఒక భాగం 2021 జూన్ 24 తెల్లవారుజామున కూలి 98 మంది చనిపోయారు. ఈత కొలను పక్క శ్లాబు దెబ్బతిందని ఒక ఇంజినీరు 2018లోనే నివేదిక ఇచ్చాడు. మరమ్మతులకు 1.5 కోట్ల డాలర్లు వసూలు చేయాలని సంఘం నిర్ణయించింది 2021లో. ఆ మధ్య కాలమంతా సమావేశాల్లో, ఎవరు ఎంత కట్టాలన్న వాదనల్లో గడిచింది. వాళ్లు చెడ్డవాళ్లు కాదు. మన సంఘాల్లో లాంటి మనుషులే, వచ్చే ఏడు చూద్దాం అనుకున్నారు. తరువాతి ఏడాది ఆ రాష్ట్రం చట్టం మార్చింది. మూడు, అంతకు మించిన అంతస్తులున్న కాండొమినియం, సహకార భవనాలకు నిర్ణీత వయసు రాగానే నిర్మాణ తనిఖీ తప్పనిసరి చేసింది. నిర్మాణ భద్రతకు కేటాయించే నిల్వ నిధిని ఓటు వేసి ఎగ్గొట్టే వెసులుబాటును తీసేసింది. గమనించండి, విడి ఇళ్ల కాలనీ సంఘాలకు ఈ నియమం వర్తించదు. ఆస్తి రకం బట్టి చట్టం మారడమంటే ఆచరణలో ఇదే.

భవనానికి వయసు మీరాక ఏమవుతుందన్నది కొనేటప్పుడు ఎవరూ అడగరు. మొదట్లో చాలా చట్టాలు అందరూ ఒప్పుకుంటేనే మొత్తం అమ్మవచ్చన్నాయి. ఒక్కరు మొండికేస్తే అంతే సంగతి. సింగపూర్ 1999లో దీన్ని సడలించి, పదేళ్లు దాటిన భవనమైతే 80 శాతం, అంతకు లోపైతే 90 శాతం సమ్మతి చాలంది. న్యూ సౌత్ వేల్స్ 2015 నాటి చట్టంతో 75 శాతానికి దిగింది. వరుస ఇళ్ల వారికి ఇందులో ఒక మెలిక ఉంది. మీరూ టవరువారూ ఒకే కాండొమినియంలో ఉంటే, టవరువారి ఓట్లే ఎక్కువ. వాళ్ల భవనం పాతబడి మొత్తం అమ్ముదామంటే మీ ఇల్లు కూడా ఆ లెక్కలోకి వస్తుంది. ఒకే ఆవరణలో వేర్వేరు కాండొమినియంలు, వాటిపైన అందరికీ కలిపి ఒక పెద్ద సంఘం ఉంటే ఈ చిక్కు తగ్గుతుంది.

మీరు ఇప్పుడు చేయవలసింది ఇది. అమ్మే వ్యక్తిని వదిలేసి, నిర్మాణ సంస్థ న్యాయవాది నుంచి రిజిస్టరైన ప్లాను, డిక్లరేషన్, బైలాలు, వచ్చే ఏడాది బడ్జెట్, నిల్వ నిధి లెక్క రాతపూర్వకంగా అడగండి. ఒంటారియోలోనైతే వీటిలో చాలావరకు కలిపి ఒక స్థితి ధ్రువపత్రంగా సంఘం పది రోజుల్లో ఇవ్వాలి. మీ దగ్గర అలాంటి నియమం ఉందో లేదో మీ న్యాయవాది చెబుతారు. ప్లాను మీద మీ ఇంటి చుట్టూ ముదురు గీత ఎక్కడ ఉందో వేలితో తడుముతూ చూడండి. గోడ లోపల ఉంటే మొదటి పద్ధతి, పెరడు కంచె మీద ఉంటే రెండోది. మొదటిదే అయితే కంగారు పడవలసిన పని లేదు. పైకప్పు బాధ్యత సంఘానిది కావడం చాలామందికి సౌకర్యమే. అయితే ధర రెండో పద్ధతిది అడుగుతున్నారేమో చూసుకోండి.

మీ ఉత్తరం చివర పైకప్పు మీద సౌర పలకలు పెట్టించుకోవాలని ఉందన్నారు. లోపలి గోడల ముఖం వరకే యూనిట్ అయితే ఆ కప్పు మీది కాదు. సంతకం పెట్టకముందే, పలకలు బిగించుకునే హక్కు, వాటి కింద కారితే ఎవరు బాగు చేయించాలి అన్న షరతుతో సహా, డిక్లరేషన్‌లో మీ యూనిట్ నంబరు ఎదుట రాయించుకోండి. సంఘం ఏర్పడ్డాక అడిగితే దానికి సర్వసభ్య సమావేశం కావాలి, ఆ సమావేశంలో టవరువారు కూడా ఉంటారు.